దక్కను నేల, వేటజాగిలము

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా నామమును నేటికిని వహించియున్న ఇబ్రహీంపట్నమును దాటి, పెద్దచెరువును వెనుక విడిచి, మంచాల మీదుగా తూర్పున రాచకొండ గట్లవైపు సాగిపోవువానికి దక్కను పీఠభూమి తన నిజస్వరూపమును ఏ మాత్రము దాచక చూపును. ఎఱ్ఱని చెల్కలు, వానిలో వానకాలమున మొలచి వేసవికి మాడిపోవు గడ్డి, తుమ్మయు రేగును మోదుగయు సీతాఫలమును కలగలసిన పొదలు, అక్కడక్కడ గుట్టలుగా పడియున్న రాతిగుండ్లు. ఇంతకుమించి దృష్టి కడ్డము వచ్చునది లేదు. ఇట్టి నేలయందు పొదనుండి లేచిన చెవులపిల్లి రెండు మూడు పొలముల దూరమువఱకు కంటికి కానవచ్చుచునే యుండును. కాని అది కూర్చున్న తావున దాని వాసన మాత్రము ఎండకును పొడిగాలికిని చిరకాలము నిలువదు. కావున ఈ ప్రాంతమున వేటకు పనికివచ్చు కుక్క ముక్కుకంటె కంటినే మిక్కిలిగా నమ్ముకొన్నదై యుండవలెను. ఈ యొక్క విషయమును గ్రహించినవానికి దక్కను జాగిలముయొక్క దేహనిర్మాణము సగము బోధపడినట్లే.

వేటకుక్కలను స్థూలముగా రెండు తెగలుగా విభజించుట వాడుక. నేలకు ముక్కానించి, మృగము నడచిపోయిన జాడను వాసనచేతనే పట్టుకొని, గుంపుగా మొఱుగుచు, గంటలకొలది వెంటాడు బ్లడ్‌హౌండు, ఫాక్స్‌హౌండు, బీగిల్ మున్నగునవి మొదటి తెగకు చెందినవి. దూరమున కదలుచున్న మృగమును కంటితో కనిపెట్టి, నిశ్శబ్దముగా ఒక్క విసురున పోయి, దానిని వేగముచేతనే ఓడించునవి రెండవ తెగవి. ఇంగ్లండుయొక్క గ్రేహౌండు, అరబ్బుల సలూకీ, స్పెయిన్ దేశపు గాల్గో, ఉత్తరహిందుస్థానమున రాంపూర్ జాగిలము ఈ రెండవ తెగలోనివే. మన దక్కనులోని ప్రతినిధిని ఒకచోట కార్వానియనియు, ఒకచోట ముధోల్ జాగిలమనియు పిలుతురు. చెవులకును తోకకును పట్టుకుచ్చులవంటి పొడవైన వెండ్రుకలు గల రకమునకు పశ్మీయని పేరు. దానిని పోషించినవారు రాజులకంటె ముందు వేటగాండ్రగు బేడరులును, ఎద్దులపై ధాన్యమును ఉప్పును మోయించుకొని దేశదేశములు తిరిగిన లంబాడీలును. గోల్కొండనుండి మచిలీపట్నమునకు సాగిన పాతబాట ఇబ్రహీంపట్నమునకు సమీపమున హయత్‌నగరు మీదుగానే పోవుచుండెడిది. అచటి మసీదు ఆవరణమునందలి సరాయి ఆ బాటపై నడచిన బిడారులకు నేటికిని సాక్ష్యము. బిడారు విడిసిన చోట రాత్రి కాపలా కాయుటకును, పగలు దారిలో దొరికిన కుందేటిని తెచ్చి పెట్టుటకును సమర్థమగు కుక్క లేనిదే ఆ జీవనము సాగునది కాదు. మంచాల, యాచారం ప్రాంతములయందు ఇప్పటికిని తండాలున్నవి; ఎద్దుల బిడారులు మాత్రము రైలు వచ్చిన పిమ్మట క్రమముగా అంతరించినవి.

ఇక దాని దేహమును పరిశీలింతము. మగకుక్క భుజముకడ ఇంచుమించు 70 సెంటీమీటర్ల యెత్తుండును. ఇంత యెత్తున్నను తూకము ముప్పది కిలోలకు లోపుగనే యుండును. తల పొడవుగా, సన్నముగా, చెవుల నడుమ మాత్రము కొంత వెడల్పుగా నుండును, మెడ పొడవు, ఛాతి లోతు, కడుపు వెన్నుకు అంటుకొన్నదా యన్నంతగా లోనికి లాగుకొనియుండును. చూడనలవాటు లేనివారు ఈ కుక్కను తిండిలేక చిక్కినదని జాలిపడుట కద్దు. పక్కటెముకలు రెండు మూడు లెక్కపెట్టుటకు వీలైన కుక్కయే ఆరోగ్యముగా నున్నదని పెంపకందార్లెఱుగుదురు. తోక మొదట లావుగా, క్రమముగా సన్నబడి, కొసన వంపు తిరిగియుండును. పరుగున మలుపు తిరుగునపుడు దేహమును తూకము చేయుట కది తోడ్పడును.

పొడవైన తలకు ప్రయోజనమేమి? అందమునకని యెవరైన ననవచ్చును. కాని 2004లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలుజాతుల కుక్కల కనుగ్రుడ్లను పరీక్షించి ఒక విశేషమును కనుగొనిరి. కంటి వెనుకనున్న దృష్టిపటలముపై నాడీకణముల అమరిక ముక్కు పొడవునుబట్టి మారుచున్నది. పగ్గువంటి పొట్టిమూతి కుక్కలలో ఆ కణములు నడిమిభాగమున దట్టముగా చేరియుండగా, పొడవుమూతి కుక్కలలో అవి కంటికి అడ్డముగా ఒక పట్టీవలె పరచుకొనియున్నవి. ఇట్టి పట్టీ గలిగిన కన్నునకు క్షితిజరేఖపై ఎక్కడ ఏది కదలినను ఒక్కసారిగా గోచరించును. తల త్రిప్పవలసిన పని లేదు. మనుష్యుని దృష్టిక్షేత్రము సుమారు 180 డిగ్రీలు మాత్రమే కాగా, కుక్కది 240 డిగ్రీలకు మించును; కన్నులు ప్రక్కలకు జరిగిన పొడవుతల జాగిలములకు అది 270 డిగ్రీలవఱకు విస్తరించునని చెప్పుదురు. అయినను ఈ కంటికొక లోపము గలదు. మనకు మూడు విధములగు వర్ణగ్రాహక కణము లుండగా కుక్కకు రెండే; నీలమును పసుపును వేఱుపఱచగలదుగాని ఎఱుపును ఆకుపచ్చను వేఱుచేయజాలదు. ఎండుగడ్డిలో గోధుమవన్నె కుందేలు కదలక కూర్చున్నంతసేపు, ఎంత గొప్ప జాగిలమైనను పదడుగుల దూరమునుండి దానిని గమనింపక దాటిపోవచ్చును. కుందేలు ఈ రహస్యమును తరతరములుగా నేర్చుకొన్నది గనుకనే, కాలు మోపబోవువఱకు కదలదు. కదలినదా, కుక్క చూపునకు చిక్కినదే.

అటుపిమ్మట జరుగునది వేగమునకును వంకరలకును పోరాటము. గుఱ్ఱము దౌడుతీయునపుడు ఒక్కొక్క అంగలో నాలుగు కాళ్లును ఒకమారు మాత్రమే నేల విడుచును. ఈ తెగ జాగిలము లట్లు గాక, వెన్నును ధనుస్సువలె వంచి, వెనుకకాళ్లను ముందుకాళ్లకంటె ముందునకు తెచ్చి యొకమారు, వెన్నును సాచి యొకమారు, అంగకు రెండుసార్లు గాలిలో తేలును. గ్రేహౌండు ఈ విధానముచేతనే గంటకు 60 కిలోమీటర్లను మించి పరుగెత్తును. కుందేలు దానికంటె వేగము గలది కాకపోయినను, దాని బలము మలుపులలో నున్నది. వెంటాడు కుక్క మీదికి వచ్చు క్షణమున హఠాత్తుగా ప్రక్కకు తిరిగి, దానిని తన వేగమునకే బలిచేసి ముందునకు దొర్లించును. పరుగుపందెమునందు మనుష్యుడు వంకరదారిలో వేగము తగ్గించుకొనక తప్పదు. కాలిపై పడు భారము పెరుగును గనుక పాదమును నేలపై మఱికొంతసేపు ఉంచవలసివచ్చును. లండన్‌లోని రాయల్ వెటరినరీ కాలేజీకి చెందిన అషర్‌వుడ్, విల్సన్ అను శాస్త్రజ్ఞులు 2005లో గ్రేహౌండులను వంపుదారిపై పరుగెత్తించి చూడగా, అవి వంపునందు వేగము తగ్గించుకొనకుండుటయు, పాదము నేలపై నుండు కాలము మారకుండుటయు తేలినది. దేహమును ముందునకు త్రోయు శక్తి వాని తుంటికండరములనుండి వచ్చుచుండగా, కాళ్లు భారమును మోయుటకే నియుక్తములై యున్నవని వారి సిద్ధాంతము. ఈ కొలతలు గ్రేహౌండుపై జరిగినవేయైనను, అదే దేహవిన్యాసము గల దక్కను జాగిలము రాళ్ల నడుమ కుందేటి వెంట తిరుగు తీరును అర్థము చేసికొనుట కివి చక్కగా తోడ్పడును.

ఇంతటి పరుగునకు తగిన గుండెయు రక్తమును కావలెను. గ్రేహౌండు గుండె, దేహభారముతో పోల్చిచూడగా, ఇతర కుక్కల గుండెకంటె పెద్దది. రక్తములో ఎఱ్ఱకణముల పాలు ఇతర కుక్కలలో నూటికి నలువదియైదుకు అటునిటుగా నుండగా, గ్రేహౌండులో ఏబదినుండి అఱువదియైదువఱకు నుండును. ఈ సంగతి నెఱుగని వైద్యుడు రక్తపరీక్షను చూచి రోగమని భ్రమపడవచ్చును. అంతకంటె ప్రమాదకరమగు విషయము మత్తుమందు. ఈ జాతులలో కొవ్వు మిక్కిలి తక్కువ. అంతియేగాక థయోపెంటాల్ వంటి కొన్ని మత్తుమందులను కాలేయము మెల్లగా గాని విఱుగగొట్టలేదు. సామాన్యమైన కుక్క గంటలో లేచి నడచు మోతాదునకు ఇవి చాలసేపు తేరుకొనజాలవు. కావున సన్నని నడుము, లోతైన ఛాతి గల కుక్కను శస్త్రచికిత్సకు తీసికొనిపోవు గృహస్థుడు, అది వేటజాగిలపు తెగకు చెందినదని వైద్యునికి ముందుగా చెప్పుట తన విధిగా భావింపవలెను. పుస్తకములో చదివిన శాస్త్రము ఒక ప్రాణమును నిలుపు సందర్భములలో ఇదియొకటి.

ఎండ ఈ కుక్కకు కుందేటికంటె పెద్ద శత్రువు. కుక్కకు చెమట పట్టునది ముఖ్యముగా అఱికాళ్లయందే. దేహతాపమును తగ్గించుకొనుటకు నాలుక చాచి రొప్పుటయే దానికి ప్రధానమార్గము. ఒక్క నిమిషపు పూర్ణవేగమునకే దాని దేహోష్ణము 41 డిగ్రీలను చేరగలదు. సన్నని దేహమును, పొట్టి వెండ్రుకలును, కొవ్వులేని చర్మమును ఆ వేడిని త్వరగా వెలిబుచ్చుటకు సాయపడును. అయినను వేసవి మధ్యాహ్నమున దీనిని పరుగెత్తించుట చంపుటయే. పూర్వులు వేటకు తెల్లవాఱుజామునే బయలుదేఱుటకు ముహూర్తబలమొక్కటే కారణము కాదు.

తిండి విషయమున మన జాగిలము నిరాడంబరి. జొన్నరొట్టె, జొన్నసంకటి, మజ్జిగ, ఇంటివారు తిని మిగిల్చినది, వేట దొరికిననాడు దానిలో పేగులు. ఇదియే తరతరముల భోజనము. తోడేటి సంతతికి ధాన్యమెట్లు జీర్ణమగునని యడిగినవారికి 2013లో స్వీడన్ దేశ పరిశోధకులు సమాధానమిచ్చిరి. పిండిపదార్థమును విఱుగగొట్టు అమైలేసును తయారుచేయు జన్యువు తోడేలునందు రెండు ప్రతులే యుండగా, కుక్కలలో అది అనేక ప్రతులుగా పెరిగియున్నది. మనుష్యుడు వ్యవసాయము నేర్చిన పిమ్మట అతని కంచముచుట్టు తిరిగి కుక్క ధాన్యమునకు అలవడినదనుటకు ఇంతకంటె గట్టి నిదర్శన మేమి కావలెను!

పోల్చిచూచుట కొఱకు ఒకింత దూరముగా స్పెయిన్ దేశమునకు పోయి వత్తము. ఆ దేశమును ఎండకాగు పీఠభూమి, ముండ్లపొదలు, రాతినేలలు గలది; అచటను నేలనుబట్టియే కుక్కలు రూపొందినవి. కాస్టీల్ మైదానములలో కుందేటిని చూపుతో వెంటాడు గాల్గో గలదు. 1605లో వెలువడిన సెర్వాంటిస్ మహారచన డాన్ క్విక్సోట్ తొలి వాక్యముననే, ఆ పల్లెటూరి పెద్దమనిషి యింట బల్లెము, డాలు, బక్కగుఱ్ఱముతోబాటు ఒక వేగముగల గాల్గో యుండినట్లు చెప్పబడియున్నది. గ్రేహౌండుకంటె ఇది తేలికైనది. ముందుభాగముకంటె వెనుకభాగము కొంచె మెత్తైనది. క్షణవేగమునకంటె దూరమునకు ఓర్చుకొనునట్టిది. మధ్యధరా సముద్రమునందలి ఇబీజా ద్వీపమున పొదెంకో అను మఱియొక రకము గలదు. దాని పెద్దచెవులు రెండును నిక్కబొడుచుకొనియుండును. పొదలలో దాగిన కుందేటిని చెవితోను ముక్కుతోను కనిపెట్టి, నిలిచినచోటినుండియే ఎత్తునకు ఎగిరి పట్టుకొనును. ఈ పొదెంకో ఈజిప్టు ఫారోల కాలమునుండి మాఱక వచ్చిన పురాతనజాతియని బహుకాలము ప్రచారమున నుండెను. 2004లో 85 జాతులకు చెందిన 414 కుక్కల జన్యువులను పరీక్షించిన అమెరికన్ శాస్త్రజ్ఞులు, ఆ ప్రాచీనరూపము ఇటీవలి కాలమున ఇతర జాతుల కలయికచే మరల నిర్మింపబడినదేయని తేల్చిరి. మన దేశమునందును ప్రతి జాగిలమునకు వేయేండ్ల వంశావళిని అల్లువారున్నారు. కుక్క గొప్పతనమునకు పురాతనత్వము అవసరము లేదు.

వేయేండ్ల నాటి జాగిలము మనకు నిజముగా లేకపోలేదు. అది కర్ణాటకమున ఆతకూరు వీరగల్లుపై రాతిలో నున్నది. రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలమున, సుమారు 950వ సంవత్సరమున, గంగరాజగు బూతుగుని సేవకుడు మణలేరుడు యుద్ధమున చూపిన శౌర్యమునకు బహుమానముగా కాళి యను వేటకుక్కను కోరి తెచ్చుకొనెను. అది పెద్ద అడవిపందితో పోరాడి, దానిని చంపి, తానును మరణించెను. మణలేరుడు ఆ కుక్కకు శిల నెత్తించి, దాని పూజకు భూమి నొసగెను. ధూర్జటి తిన్నని కథలో వేటకుక్కలకు స్థానమిచ్చుటయు, కాలభైరవునికి శునకము వాహనమగుటయు ఇదే సంస్కృతిలోనివి. ఐనను కుక్కకు పేరు చెప్పి భూదానము చేసిన ఆతకూరు శాసనమే నాకు మిక్కిలి ప్రియమైనది.

ఒక జాతి నిలుచుటకు పోషకుడు కావలెననుటకు ముధోల్ చరిత్ర నిదర్శనము. ఇప్పటి బాగల్‌కోట జిల్లాలోని ఆ చిన్న సంస్థానము నేలిన మాలోజీరావు ఘోర్పడే, బేడరుల యొద్దనున్న జాగిలములను చేర్చి, ఎంపికచేసి పెంపుచేయించి, ఒక జతను ఐదవ జార్జి చక్రవర్తికి కానుకగా నిచ్చెను. నాటినుండి ఆ పేరు దేశాంతరముల వినబడినది. 2005 జనవరిలో భారత తపాలాశాఖ నాలుగు స్వదేశీ కుక్కలపై బిళ్లలు వెలువరించినపుడు వానిలో ముధోల్ ఒకటి. బీదరులోని పశువైద్య విశ్వవిద్యాలయము ముధోల్ సమీపమున తిమ్మాపురమున ఒక పరిశోధనకేంద్రమును నెలకొల్పినది. మీరట్‌లోని సైనిక కేంద్రమున వీనికి శిక్షణయు లభించినది. కర్నాల్‌లోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారైలతో పాటు ముధోల్ జాగిలమును నమోదుచేసినది. రాజు, విశ్వవిద్యాలయము, సైన్యము, నమోదుపుస్తకము: నాలుగును ఒకేచోట కలసివచ్చుట అదృష్టము.

మన తెలుగునేలపై అట్టి అదృష్టము పట్టని జాగిలము జోనంగి. కొల్లేటి ప్రాంతమునను కోస్తా జిల్లాలలోను పెరిగిన ఈ కుక్కకు వెండ్రుకలు ఎంత పొట్టివో, దూరమునుండి చూచినవానికి ఒంటిపై బొత్తిగా లేవనిపించును. నుదుటిపై ముడుతలు, వంపు తిరిగిన తోక, కాళ్లతో నేలను త్రవ్వి గోతిలో పడుకొను అలవాటు దీని గుర్తులు. సామాన్యముగా మొఱుగదు, ఒక విధమగు రాగాలాపనము చేయును. వేటకును, బాతుల మందలను తోలుటకును దీనిని వాడెడివారు. కొల్లేటిలో వరిచేలును బాతులును తగ్గి చేపలచెరువులు పెరుగగా దానికి పని పోయినది. పనిలేని కుక్క చేపలపై పడినది. చేపల యజమానులు దానిని చంపిరి. కర్నూలు ప్రాంతమున పత్తికొండ మండలములోని పందికోన గ్రామపు కుక్కలకును ధైర్యమందును కాపలాయందును గొప్ప పేరున్నది. పని మాఱినపుడు జాతి మాఱుట ప్రకృతిధర్మమే. కాని మాఱుటకుముందు దానిని కొలిచి వ్రాసియుంచుట మన చేతిలోని పని.

ఇకపై కుందేటివేట యను పని ఈ కుక్కలకు రాదు, రాకూడదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము అడవిజంతువులను కుక్కలచే వెంటాడించుటను సైతము వేటగనే పరిగణించినది. నిజాముల వేటభూమిగా నుండిన వనస్థలి, 1975లో మహావీరుని పేరిట హరిణవనస్థలియై, కృష్ణజింకలకు ఆశ్రయమైనది; ఇంతటి తరువాత కూడ విలాసమని జాగిలముచే జింకను తరిమించువాడు నేరస్థుడు. వేట ముగిసిన జాగిలమున కేమి గతి యను ప్రశ్నకు స్పెయిన్‌లో సరియైన సమాధానము దొరకలేదు: వేటఋతువు ముగియగనే పనికిరాని గాల్గోలను వీథులపాలు చేయు దురాచారము నేటికిని పోలేదు, 2023లో వెలువడిన జంతుసంక్షేమచట్టమునుండి వేటకుక్కలను మినహాయించిరి. వేటకు మాఱుగా కాపలాపని చూతమన్నచో, రంగారెడ్డి జిల్లాలో పోలీసుజాగిలములకు మొయినాబాదున శిక్షణకేంద్రమున్నది. అందు ప్రధానముగా లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినాయ్ వంటి విదేశీజాతులే శిక్షణ పొందుచున్నవి. ముక్కుతో పేలుడుపదార్థమును పసిగట్టు పనికి చూపును నమ్ముకొన్న కుక్క తగదనుట కొంతవఱకు నిజమే; ఐనను విశాలమైన ఆవరణములను కాపలా కాయుటకును, ఎండలో తిరుగుటకును, రాతినేలపై వేగముగ పోవుటకును స్వదేశీ జాగిలము తగినదని నా యభిప్రాయము.

కావున మంచాల, యాచారం, ఇబ్రహీంపట్నం మండలములయందలి తండాలవారికిని, పల్లెవారికిని ఒక విన్నపము. మీ వాకిట పొడవుతల, లోతైన ఛాతి, సన్నని నడుము గల కుక్క యున్నయెడల, దానిని చవుకబేరమునకు పట్టణపు వ్యాపారికి అమ్మక, తోచిన కుక్కతో జతగూర్చక, ముందుగా రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాలవారికి చూపుడు; ఎత్తు, తూకము, ఛాతిచుట్టుకొలత, తల్లిదండ్రుల జాడ వ్రాయించుడు. ముధోల్ జాగిలమునకు ఒక రాజు చేసిన పని, ఈ దినమున ఒక టేపును, ఒక నోటుపుస్తకమును కలిగిన యెవరైనను చేయవచ్చును.